భారతయుద్ధమును విన్నవాడు, చెప్పినవాడు

యుద్ధపర్వములను బోధించునపుడు ధృతరాష్ట్రుని విలాపములను పునరుక్తులుగా నెంచి విడిచిపెట్టుట మనలో నలవాటైనది. భీష్మ ద్రోణ కర్ణ శల్యపర్వములలో సేనాపతి పడిన వార్త ముందుగా వచ్చును, రాజు శోకమున మునుగును, తేరుకొని ప్రశ్నించును, అటుపిమ్మట సంజయుడు ఆ యుద్ధమును మొదటినుండి వర్ణించును. ఇది కథ చెప్పుటకు కల్పించుకొన్న సౌకర్యము మాత్రమే యని పలువురు తలంతురు. మా యభిప్రాయము వేఱు. కంటితో చూడని ఘోరము మనస్సును ఎట్లు గాయపఱచును, ఆ గాయమునుండి మనుష్యుడు ఎట్లు తేరుకొనును అను ప్రశ్నను భారతము ఈ కథాసంవిధానమునందే పరిశీలించుచున్నది.

ఈ ప్రశ్న ఆధునిక మనశ్శాస్త్రమునకును క్రొత్తది కాదు. ఆర్తుల కథలను నిత్యము వినుచుండు చికిత్సకుల మనస్సులలో కలుగు మార్పులను 1990లో మక్కాన్, పర్ల్‌మన్ అను పరిశోధకులు వివరించిరి. 1995లో చార్లెస్ ఫిగ్లీ సంపాదకత్వమున వెలువడిన గ్రంథము అట్టి స్థితిని ‘కరుణవలని అలసట’ యనదగిన పేరుతో ప్రచారమునకు దెచ్చినది. ఆప్తుల దుర్మరణవార్త వినుటయు, వృత్తిరీత్యా ఘోరవివరములను మాటిమాటికి ఎదుర్కొనుటయు ఆఘాతహేతువులే యని 2013లో అమెరికా మనోరోగవైద్యసంఘము ప్రకటించిన ఐదవ నిర్ణయగ్రంథము అంగీకరించినది. మొదటిది ధృతరాష్ట్రుని స్థితి. రెండవది సంజయుని స్థితికి సన్నిహితము. అయినను పాత్రలకు రోగనామములు తగిలించుట విమర్శ కాజాలదు. కావ్యము చూపిన భేదములను గుర్తించుటయే మన పని.

యుద్ధారంభమున వ్యాసుడు దివ్యదృష్టి నొసగుదు ననగా, ధృతరాష్ట్రుడు జ్ఞాతివధను చూడనొల్లక వినుటకు మాత్రమే కోరెను. చూడనంతమాత్రమున బాధ తగ్గలేదు. విన్న ప్రతివార్తయు ఆయన యూహలో పెరిగినది. ఆ శోకమే క్రోధమై స్త్రీపర్వమున భీముని ఇనుపప్రతిమను నుగ్గు చేసినది. ఇక చూచినచో శాంతి కలుగునా యన్నచో, అదియు లేదు. దూరమునుండియే రణభూమిని దివ్యదృష్టితో చూచిన గాంధారి శోకము శ్రీకృష్ణునిపై శాపముగా పరిణమించినది. కావున చూచుట, వినుట అను భేదమొక్కటియే ఇచట నిర్ణాయకము కాదు.

రాజు తేరుకొనుటకు తోడ్పడినవి వేఱు: విదురుని ఓదార్పు, మృతులకు చేయించిన ప్రేతకార్యములు, గంగలో విడిచిన తర్పణములు, పాండవులతో గడపిన 15 సంవత్సరములు. అటుపిమ్మటనే ఆశ్రమవాసపర్వమున వ్యాసుని యనుగ్రహముచే మృతులు గంగనుండి వెడలి వచ్చిరి. నాడు చూపును నిరాకరించిన తండ్రి, నాడు దివ్యచక్షువుతో కుమారులను తొలిసారి చూచెను. అపుడాయన ఏకాకి కాడు. పాండవులు, కుంతి, వితంతువులైన కోడండ్రు ఎల్లరును అచటనే యుండిరి.

ధృతరాష్ట్రుడు కేవలము బాధితుడా యని ఆక్షేపించుట న్యాయమే. ఈ వినాశమున ఆయన దోషమును సంజయుడు పలుమాఱులు ఎత్తిచూపెను. కావున ఆయన శోకమున పశ్చాత్తాపము కలిసియున్నది. సంజయుని ఓదార్పు సత్యమును మఱుగుపఱచునది కాదు. దాని విలువ అందే కలదు.

మఱి చెప్పినవాని మాట యేమి? సంజయుడు దూరసాక్షి మాత్రమే కాడు. శల్యపర్వమున సాత్యకిచేత చిక్కి, వ్యాసుని వలన ప్రాణములు దక్కించుకొనెను. సంస్కృతమూలమున సౌప్తికపర్వాంతమున, దుర్యోధనుడు గతించినంతనే ఋషిదత్తమైన దృష్టి నశించినదని చెప్పుచు, అతడు తన్ను శోకార్తునిగా పేర్కొనెను. రాజు శోకమునకు పర్వములు గలవు. సంజయుని శోకమునకు కొన్ని మాటలే.

ఆర్తుల ధైర్యమును చూచి వారి కథ విన్నవారును బలము పొందుట కలదని హెర్నాండెజ్ ప్రభృతులు 2007లో ప్రతిపాదించిరి. సంజయునకు అట్టి బలము చేకూరెనో లేదో కవి చెప్పలేదు. రాజు వెంట అడవికి పోయి, దావాగ్నిలో ధృతరాష్ట్ర గాంధారీ కుంతులు గతించిన పిదప అతడు హిమాలయమునకు పోయెనని మాత్రమే చెప్పెను.

ఈ పర్వములన్నియు తిక్కన తెనిగించిన పదునైదింటిలోనివే. విలాపఘట్టములను, సంజయుని స్వగతవాక్యములను మూలముతో సరిపోల్చి తిక్కన యేది పెంచెనో, యేది కుదించెనో తేల్చుట పరిశోధకులు పూనదగిన పని. అంతవఱకు పాఠము చెప్పువారు ఆ ఘట్టములను విడువకుందురు గాక యని మా మనవి.