కవరు మూసే చేతులు

పామర్రు నుంచి దిగమర్రు వెళ్లే 165వ జాతీయ రహదారి మీద ఉంటుంది మా ఊరు ఉండి. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. చెరువుగట్ల మీద మేత బస్తాలు మోసిన స్కూటర్ షెడ్డుకొస్తే, మెకానిక్ చెయ్యి ముందు ఎడమవైపు బెల్ట్ కవరు మీదికే పోతుంది.

బెల్ట్ పని అన్ని బళ్లలో ఒకటి కాదు. కొన్ని డుకాటి బైకుల్లో టైమింగ్ బెల్ట్ ఇంజిన్ వాల్వులను నడుపుతుంది. మన గేర్లు లేని స్కూటర్లలో బెల్ట్ వెనక చక్రాన్ని నడుపుతుంది. పని వేరైనా కవరు ధర్మం ఒకటే: బురదనీ, నీటినీ, నూనెనీ బెల్ట్ దగ్గరకు రానివ్వకూడదు.

మంచి పనివాడు విప్పిన బోల్టులను గుట్టపొయ్యడు. పొట్టివీ పొడవువీ కలిసిపోకుండా, అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, దేని చోట దాన్ని గుచ్చుతాడు. కవరు మొండికేస్తే స్క్రూడ్రైవరు దూర్చి పెకలించడు. ప్లాస్టిక్ సుత్తితో చుట్టూ మెల్లగా తడతాడు. అల్యూమినియం అంచుకు గాటు పడితే నీళ్లు అక్కణ్ణుంచే దిగుతాయని అతనికి తెలుసు. లోపలి నల్లటి పొడి తుడిచి, బెల్ట్‌ను వేళ్లతో వంచి పగుళ్లు చూసి, గ్యాస్కెట్ కుదురుగా పెడతాడు. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఆపైన ఎదురెదురుగా బిగిస్తాడు.

విప్పడం ఎవరికైనా వస్తుంది. విప్పిన ఆనవాలు లేకుండా మూయడమే పనితనం. ఆ చేతులకు నా నమస్కారం.