ఇంటి స్టీరియోకు సబ్‌వూఫర్ అవసరమా?

సబ్‌వూఫర్ లేనిదే స్టీరియో పూర్తి కాదనే మాట నేడు బాగా ప్రచారములో ఉన్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో పాటలు వినుటకు స్టీరియో కొనదలచిన గృహస్థు ఈ మాట నమ్మితే అదనముగా వేలకొలది రూపాయలు వెచ్చించవలసి వస్తుంది. కనుక ఇందులో నిజమెంతో విచారించుట అవసరము.

మానవుని చెవి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్జ్‌ల వరకు పౌనఃపున్యము గల శబ్దాలను వినగలదు. సబ్‌వూఫర్ పలికించవలసినది ఇందులో అట్టడుగు భాగము. అనగా దాదాపు 80 హెర్ట్జ్‌లకు దిగువనున్న మంద్రధ్వనులు. పౌనఃపున్యము సగమైనచో, అంతే పీడనము కలిగించుటకు స్పీకరులోని శంకువు నాలుగు రెట్లు దూరము కదలవలె. చిన్న శంకువుకు ఇది సాధ్యము కాదు. అందుచేత '2.1' పేరుతో అమ్మే సెట్లలో, అరచేయంత పెట్టెలు రెండింటికి తోడుగా ఉండే పెద్ద పెట్టె అలంకారము కాదు. దానిని తీసివేస్తే పాట సన్నబడిపోతుంది.

ఆరున్నర, ఎనిమిది అంగుళాల శంకువులు గల మంచి స్పీకర్ల జత విషయము వేరు. అవి చాలవరకు 50 హెర్ట్జ్‌ల దరిదాపులకు దిగగలవు. మగవారి మాటలోని మూలస్వరము సాధారణముగా 85 హెర్ట్జ్‌లకు పైననే ఉంటుంది. బాస్ గిటారు అడుగుతీగ మాత్రము 41 హెర్ట్జ్‌ల వద్ద మ్రోగుతుంది. అయితే మూలస్వరము బలహీనమైనా, దాని అతిస్వరాలను బట్టి చెవి ఆ స్వరస్థాయిని పోల్చుకొంటుంది. కావున గాత్రానికి, పాత సినిమా పాటలకు ఇట్టి జతయే చాలును. మంద్రధ్వనులకు ప్రత్యేక మార్గము కేటాయించిన 5.1 సినిమాలను ఇంట చూచువారికి మాత్రము సబ్‌వూఫర్ నిజముగా ఉపకరిస్తుంది.

ప్రచారము చెప్పని సంగతి గదిని గూర్చినది. పన్నెండడుగుల పొడవు గల గదిలో సుమారు 47 హెర్ట్జ్‌ల వద్ద అనునాదము ఏర్పడుతుంది. ఆ ధ్వని గోడల వద్ద హోరెత్తుతుంది. గది నడుమ దాదాపు మాయమవుతుంది. సబ్‌వూఫర్ తెచ్చి మూలన పెట్టినంత మాత్రాన ఈ దోషము పోదు సరిగదా, మరింత పెరుగవచ్చును.

ఇక ఇరుగుపొరుగుల మాట. 65వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన తలుపులు మూసుకొన్నచో, లారీ హారను తగ్గినంతగా ఇంజను ఘోష తగ్గదు. గోడలు మంద్రధ్వనులను అంతగా ఆపలేకపోవుటయే కారణము. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసప్రాంతాలలో రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు పరిమితి 45 డెసిబెళ్ళు. కాని ఆ కొలమానములో మంద్రధ్వనులకు విలువ తక్కువ. అందుచేత పరిమితి దాటకున్నను ఆ హోరు పొరుగింట నిద్రకు, పిల్లల చదువుకు భంగము కలిగించవచ్చును.

కావున కొనువారు ముందుగా మంచి జతను ఇంటికి తెచ్చుకొని, స్పీకర్లను, కుర్చీని కొంచెము జరిపి, తెలిసిన పాటనే వినవలె. అప్పటికిని వెలితి తోచినప్పుడే సబ్‌వూఫర్‌ను గూర్చి ఆలోచించుట యుక్తము.