చుక్కలకు రంగులు వేయండి

ఈ వారం ఒక ప్రసంగంలో మళ్లీ ఎరుపు-ఆకుపచ్చ గళ్లు తెరమీదికొచ్చాయి. రొమ్ము క్యాన్సర్ కణితుల్లో ఏ జన్యువు దేనితో కలిసి హెచ్చుతుందో, తగ్గుతుందో చూపే హీట్‌మ్యాప్. ఆ రెండు రంగుల తేడా తెలియని మగవాళ్లు దాదాపు ప్రతి పెద్ద సభలోనూ ఉంటారు. జన్యువుల చురుకుదనాన్ని కొలిచే మైక్రోఅరేల్లో వాడిన ఎరుపు, ఆకుపచ్చ రంజకాల చలవ ఈ రంగుల జంట. 1998లో ఐసెన్ బృందం వేసిన బొమ్మలతో బాగా పాతుకుపోయింది. ఇప్పుడు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ వచ్చినా రంగులు మాత్రం వదల్లేదు.

అసలు కడుపుమంట రంగుల మీద కాదు, గడికో సహసంబంధం అంకె రాసి చేతులు దులుపుకోవడం మీద. గణాంక శాస్త్రవేత్త ఆన్స్‌కాంబ్ 1973 వ్యాసం మీద నాకు పాత భక్తి: నాలుగు బొమ్మలు, నాలుగింటికీ సహసంబంధం 0.816. ఒకదాంట్లో చుక్కలు వాలుగా సాగితే ఇంకోదాంట్లో వంపు తిరుగుతాయి, మరోదాంట్లో ఒంటరి చుక్క ఒకటి గీతనంతా తనవైపు లాగేస్తుంది.

రొమ్ము క్యాన్సర్‌లో ఇ.ఎస్.ఆర్.1 (ఈస్ట్రోజెన్ గ్రాహక జన్యువు), గాటా3 జన్యువుల సంగతే చూడండి. కణితులన్నిటినీ కలిపి చుక్కలు పెడితే, ఈ క్యాన్సర్ రకాల్లో ల్యూమినల్ అనేవి కుడివైపు పైన, బేసల్ అనే రకం ఎడమవైపు కింద గుమికూడతాయి. ఆ రెంటి మధ్యా గీసిన గీత బ్రహ్మాండంగా ఉంటుంది. ఒక్క గుంపునే విడిగా చూస్తే అంత బలం ఉండదు. గుంపులు కలపడం వల్ల లెక్క మారిపోతుందని గణాంక శాస్త్రవేత్త సింప్సన్ 1951లోనే రాశాడు. కాబట్టి రకాలవారీగా విడగొట్టని సహసంబంధం చెల్లదని తీర్పు చెప్పేయొచ్చు.

కానీ ఆ తీర్పు చెప్పలేను. ఆ రకాలు ఎక్కణ్నుంచి వచ్చాయి? రకం తేల్చే పామ్50 పరీక్షలోని 50 జన్యువుల్లో ఇ.ఎస్.ఆర్.1 కూడా ఉంది. హెర్2 జన్యువు, 17వ క్రోమోజోమ్‌లో దాని పక్కనే ఉండి దానితోపాటే ప్రతులు పెరిగే జి.ఆర్.బి.7 కూడా ఉన్నాయి. ఆ జన్యువుల్ని బట్టే గుంపులు కట్టి, గుంపు లోపల అవి పెద్దగా మారడం లేదనడం ఏం న్యాయం? 2000లో పెరూ బృందం ముందుగా ఏ పేరూ పెట్టుకోకుండానే, కలిసి హెచ్చుతగ్గులయ్యే జన్యువుల్ని చూసి ఈ రకాల్ని గుర్తుపట్టింది. పైగా ఇ.ఎస్.ఆర్.1, గాటా3 ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి కూడా. అన్నీ కలిపి గీసిన గీత అబద్ధం కాదు, రకాల మధ్య తేడా అదే చెబుతోంది. రకం లోపలి గీత వేరే ప్రశ్నకు జవాబు.

రెండూ ఒకే బొమ్మలో వేయండి: మొత్తానికొక గీత, రకానికొక గీత. చుక్కలకు నీలం, నారింజ వాడండి.