ఎ. శ్రీకర్ ప్రసాద్ కూర్పు: పురస్కారాలు, పద్ధతి

దర్శకుణ్ణి, నటుణ్ణి పట్టించుకున్నంతగా తెలుగు సినీ విమర్శ ఎడిటర్‌ను పట్టించుకోలేదు. ఎ. శ్రీకర్ ప్రసాద్ విషయంలో ఈ లోటు మరీ స్పష్టం. తండ్రి అక్కినేని సంజీవి వద్ద కూర్పు నేర్చిన ఈయనకు ‘రాఖ్’ (హిందీ), ‘రాగ్ బిరాగ్’ (అస్సామీ), ‘వానప్రస్థం’ (మలయాళం), ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’ (తమిళం) వంటి చిత్రాలు జాతీయ పురస్కారాలు తెచ్చాయి. ఆ పట్టిక ప్రతిభను చెబుతుంది గాని పద్ధతిని చెప్పదు.

పద్ధతి సంతోష్ శివన్ ‘ది టెర్రరిస్ట్’ (1998)లో తేటపడుతుంది. ఆత్మాహుతి దాడికి సిద్ధమైన మల్లి ముఖంపై షాట్ నిలుస్తుంది. ఊపిరి చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. కోత ఆలస్యమయ్యే కొద్దీ ప్రేక్షకుడు ఆమెను హంతకిగా గాక మనిషిగా చూడక తప్పదు.

మణిరత్నం ‘అలైపాయుదే’ (2000, తెలుగులో ‘సఖి’)లో పని వేరు. ఇంటికి చేరని భార్య కోసం భర్త పడే ఆందోళన నడుమ పాత ప్రేమకథ వచ్చి చేరుతుంది. అందువల్ల కలయిక దృశ్యాల ఉల్లాసం మీద కూడా ఎడబాటు నీడ పడుతుంది. ఈ అమరికలో స్క్రీన్‌ప్లే వాటా ఎంతో, కూర్పు వాటా ఎంతో విడదీయడం కష్టమే. అయితే ఏ షాట్ దగ్గర వర్తమానానికి మళ్లాలన్నది ఎడిటింగ్ బల్ల మీద తేలే సంగతి.

‘ఒక్కడు’ (2003), ‘ఆర్ఆర్ఆర్’ (2022) చిత్రాల కూర్పూ ఈయనదే. వాటిని ‘ది టెర్రరిస్ట్’ పక్కన పెట్టి, షాట్ల నిడివిని పోల్చి, వేగం ఎక్కడ తగ్గిందో, ఎందుకు తగ్గిందో చూడవలసిన పని తెలుగు పరిశోధకులది.