'నేను' లేని వాక్యం

నర్సీపట్నంలో ఉండే మా వదిన పోయిన చలికాలమంతా వాట్సాప్‌లో రోజుకో గులాబీ పెట్టేది. కింద 'శుభోదయం'. పెట్టిన వేళ తెల్లవారుజామున మూడు గంటలు. 'అంత పొద్దున్నే లేస్తోంది, ఎంత ఓపికో!' అని ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. ఆమె అసలు నిద్రే పోవడం లేదని మాలో ఎవరికీ తట్టలేదు.

రాతల్లోని మాటల్ని బట్టి కుంగుబాటును పసిగట్టవచ్చని పరిశోధకులు అంటున్నారు. 2004లో రూడ్, గార్ట్‌నర్, పెన్నీబేకర్ అమెరికన్ కాలేజీ విద్యార్థుల వ్యాసాలు పరిశీలించి, కుంగుబాటులో ఉన్నవాళ్లు 'నేను' అనే మాట ఎక్కువగా వాడుతున్నారని చెప్పారు. 2018లో 683 మంది రోగుల ఫేస్‌బుక్ రాతలు చదివినవారికీ 'నేను', కన్నీళ్లు, ఒంటరితనం వంటి మాటలే ఆనవాళ్లుగా కనిపించాయి. కానీ 2024లో 868 మందిపై జరిగిన అధ్యయనంలో, ఈ 'నేను' ఆనవాలు తెల్లవారి విషయంలో పనిచేసినట్టు నల్లజాతివారి విషయంలో పనిచేయలేదు.

మరి మన ఆడవాళ్ల సంగతేమిటి? తెలుగులో 'నిద్ర పట్టలేదు', 'బెంగగా ఉంది' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. ఈ వ్యాకరణానికి మన పెంపకం తోడయింది. 'ఎలా ఉన్నావు?' అని అడిగితే ఇంటిల్లిపాదినీ కలుపుకుని 'బాగున్నాం' అంటాం. అలసిపోయానంటే 'అందరికీ లేవా పనులు?' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుకే చెప్పడం మానేసి గులాబీలు పంపుతాం. అమెరికన్ ఇంగ్లీషు మీద తయారైన కొలబద్దతో మాటలు లెక్కపెడితే మా వదిన ఆరోగ్యంగా ఉన్నట్టే తేలుతుంది.

యంత్రాన్ని అని ఏం లాభం? అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం'లో నిద్ర కోసం తపించే గృహిణిని చదివి కదిలిపోయినదాన్నే, మూడు గంటల గులాబీని చూసీ చూడనట్టు దాటేశాను. కథలో స్త్రీ బాధ అర్థమైంది. ఇంట్లో స్త్రీది ఓపిక అనిపించింది.

సంక్రాంతి తర్వాత ఫోన్ చేసి, పిల్లల సంగతులు పక్కనపెట్టి, 'వదినా, నువ్వెలా ఉన్నావు?' అని అడిగాను. కాసేపు పలకలేదు. తర్వాత 'ఏటుందమ్మా, నిద్దరట్టదు' అంది. ఇప్పుడు విశాఖలో డాక్టరు దగ్గర మందులు వాడుతోంది.

ప్రతి శుభోదయం వెనకా జబ్బు వెతకమని నేననడం లేదు. పంపిన వేళ కూడా చదవమంటున్నాను. 'మీరు' అని కాకుండా 'నువ్వు' అని ఒక్కసారి అడగమంటున్నాను.