వెనుక చక్రపు నేర్పు

1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూర్, గచ్చిబౌలి బాటలయందు వాహనములు క్రమముగా పెరిగి, నేడు కారు పరుగిడుటకన్న ఆగుటయే అధికమైనది. ఆ ఆగుటకు మూలాధారమైన బ్రేకు ప్యాడ్లు అరుగుటయు సహజమే. ఆదివారము ఉదయమున అపార్టుమెంటు సెల్లారులో ముందు చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వదలి, కారును జాకీతో లేపి స్టాండుపై నిలిపి, వెనుక ప్యాడ్లను స్వహస్తములతో మార్చుకొను గృహస్థుని పనితనము మిక్కిలి శ్లాఘనీయము.

క్రొత్త ప్యాడ్లకు చోటు కల్పించుటకై నొక్కినంతనే ముందు చక్రపు క్యాలిపరులోని పిస్టను లోనికేగును. హ్యాండ్ బ్రేకు యంత్రమును గర్భమున దాల్చిన వెనుక క్యాలిపరులో అది అట్లు లొంగదు, పెక్కు కార్లలో దానిని నొక్కుచునే త్రిప్పవలెను. విద్యుత్ హ్యాండ్ బ్రేకున్నచో ముందుగా దానిని సర్వీసు స్థితికి తేవలెను. మొరటు బలమున కిచట తావులేదు. విప్పిన క్యాలిపరును బ్రేకు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టుటయు, ఒక ప్యాడు రెండవదానికన్న మిక్కిలి అరిగినచో జారుడు పిన్ను బిగిసినదేమో యని శంకించి, తుడిచి తగిన గ్రీజు పూయుటయు నెరిగినవాడే నేర్పరి.

ఈ పనికి పూనుకొను పాఠకులారా, రెండు వైపుల ప్యాడ్లను ఒకేమారు మార్చుడు. కారు కదల్పకమునుపే పెడలు గట్టిపడువరకు తొక్కి చూడుడు.