సిమెంటు రేకూ, కేన్సర్ పటమూ

కోటబొమ్మాళి చుట్టుపక్కల పేటల్లో ఆస్బెస్టాస్ అంటే తెలీదు. సిమెంటు రేకు అనండి, చెయ్యెత్తి ఇంటి కప్పు చూపిస్తారు. చదువుకున్నవాళ్ళు గీసిన కేన్సర్ పటాల్లో ఈ కప్పు ఎక్కడుంది?

ఊపిరితిత్తుల పొరకొచ్చే మెసోథిలియోమా కేన్సర్‌కీ ఆస్బెస్టాస్‌కీ ఉన్న సంబంధాన్ని 1960లో వాగ్నర్ బృందం దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు 33 కేసులతో చూపించింది. వాళ్ళలో గనిలో దిగనివాళ్ళూ, గని పక్కన పెరిగినవాళ్ళూ ఉన్నారు. రోగాన్ని పట్టిచ్చింది చిరునామాయే. ఇప్పటి ప్రపంచ పటాల్లో బ్రిటన్, ఆస్ట్రేలియాలది ముదురు రంగు, మనది లేత రంగు. లేత రంగంటే ముప్పు తక్కువని చదివేవాళ్ళతోనే నా పేచీ. పీల్చిన ముప్పై నలభై ఏళ్ళకి బయటపడే రోగమిది. బయాప్సీ లేకుండా తేలదు. పేటలో ఆయాసంతో పోయినోడు టీబీతో పోయాడనే అంటాం. జనాభా కేన్సర్ రిజిస్ట్రీలు మొదట బెంగుళూరు, బొంబాయి, మద్రాసు లాంటి పట్నాల్లోనే మొదలయ్యాయి. లెక్క పట్నంలో, కూలీ పల్లెలో. మరి రంగు లేతగా కాక ఎలాగుంటాది?

పులివెందుల దగ్గర తవ్విన రాయి ఇదే. 1986లో కొత్త గని లీజులు ఆపారు, దిగుమతి ఆపలేదు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్ళు దాచమంది. మంచి తీర్పే. కానీ అది యజమాని ఉన్న కార్మికుడికి. రేకు కోసే కూలీకి ఈ రోజు ఒక మేస్త్రి, రేపు ఇంకొకడు. రికార్డు ఎవరు దాస్తారు?

రేకు కింద పడుకోగానే కేన్సర్ వస్తాదని నేననను. సిమెంటులో బిగిసిన పోగు ఊరికే ఎగరదు. కోసినా, చిల్లు పెట్టినా, విరగ్గొట్టినా ఎగురుతుంది. 2018లో తిత్లీ తుఫాను ఈ జిల్లా తీరాన్ని కొట్టినప్పుడు విరిగిన రేకుల్ని చేతుల్తో ఏరి, పెంకుల్ని ఆడోళ్ళే ఊడ్చారు. ముక్కుకి చీర చెంగు తప్ప ఏమీ లేదు.

నిషేధించాలి, సందేహం లేదు. అయితే ఆ మాట స్లాబు కింద కూర్చుని అనటం తేలిక. తాటాకిళ్ళు తగలబడిన పేటకి రేకు మర్యాద కూడా. దాని బదులు ఏ కప్పు, ఎవరి ఖర్చుతో అన్నది నిషేధంతో పాటే తేలాలి.

ఈలోగా చెయ్యగలిగింది ఒకటుంది. నేను చూసిన కేసు షీట్లలో చుట్ట, బీడీ తాగుతావా అన్న ప్రశ్న ఉంది. ఏ పని చేశావు, రేకులు కోశావా అన్న ప్రశ్న లేదు.